తిమింగలానికి వేసవి సెలవులు లేవు

తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో నాకు 'నార్వే సార్' అని పేరు. నీళ్ల ట్యాంకర్ల గొడవ జరుగుతున్నా సరే, ఎవరో ఒకరు మధ్యలో దూరి "నార్వే సార్‌ని అడగండి, ఆయన తిమింగలాలు చూసొచ్చారు" అంటుంటారు. ఆ పేరుకు నేను తగను. నేను తిమింగలాన్ని చూడలేదు. అందుకు దురదృష్టాన్నో వాతావరణాన్నో తిట్టుకునే వీలు కూడా లేదు. అంతా నా తెలివితక్కువతనమే. దాన్ని ఎంత పద్ధతిగా, ఎంత శ్రద్ధగా చేశానో చెప్పేస్తేగానీ గుండె బరువు దిగేలా లేదు.

వృత్తిరీత్యా నేను ప్రాజెక్టు మేనేజర్ని. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో కుర్రాళ్లు ఏ పని మొదలెట్టినా "డిపెండెన్సీలు రాశారా? మన పని ఎవరి పని మీద ఆధారపడి ఉంది?" అని పీక్కుతినేది నేనే. ఇంట్లో టూర్లకూ అదే పద్ధతి. ఎక్సెల్ షీటు తెరిచి విమానం ఛార్జీలు, మధ్యలో ఆగే గంటలు, హోటల్ రేటింగు, గదిలో కెటిల్ ఉందా లేదా, ఏ క్రెడిట్ కార్డు మీద ఎంత క్యాష్‌బ్యాక్, పెరుగు దొరికే సూపర్ మార్కెట్ ఎంత దూరం, ఇలా ఒక్కోదానికి ఒక్కో కాలమ్ పెట్టాను. రంగులు కూడా వేశాను. ఆ షీటులో లేని కాలమ్ ఒక్కటే: మేం వెళ్లే నెలలో అక్కడ తిమింగలం ఉంటుందా?

ఈ పిచ్చి ఒక వీడియోతో పట్టుకుంది. నార్వే ఉత్తరాన, మంచు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, అంటే ఫియోర్డ్‌లో, ఓర్కా తిమింగలాల నల్లటి రెక్కలు నీళ్లు చీల్చుకుంటూ లేస్తున్నాయి. వెనకాల ఒక హంప్‌బ్యాక్ తిమింగలం నోరు తెరుచుకుని పైకొచ్చింది. అంతా నీలి మసక వెలుతురు. ఏదో ఫిల్టర్ వాడారనుకున్నాను. అది ఫిల్టర్ కాదు, మిట్టమధ్యాహ్నం. ఆ ప్రాంతంలోని ట్రోమ్సో ఊరు ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు అక్కడ సూర్యుడు క్షితిజం పైకి రాడు. పగలంతా మసక వెలుతురే. అంటే ఆ వీడియో ఏ కాలంలో తీశారో దాని రంగే చెబుతోంది. నేను మాత్రం దాన్ని పిల్లలకు చూపించి "మే నెలలో తీసుకెళ్తా" అని మాటిచ్చేశాను. అంతటితో ఊరుకున్నానా, ఉత్తర ధ్రువ కాంతులు కూడా చూపిస్తానన్నాను.

మే ఎందుకంటే పిల్లలకు అప్పుడే సెలవులు. ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ రెండో వారం దాకా తెరవరు. నాకు సెలవు దొరికేదీ అప్పుడే, ఇక్కడ ఎండ మాడ్చేసేదీ అప్పుడే. ఇన్ని కలిసొచ్చాక తిమింగలం మాత్రం రాకుండా ఉంటుందా అన్నది నా ధీమా.

పడవ టికెట్ల కోసం వెతికితే మే నెల తేదీలన్నీ బూడిదరంగులో కనిపించాయి. నవంబరు, డిసెంబరు, జనవరి మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి. తిరుమల దర్శనం కోటా, ఐపీఎల్ టికెట్లు చూసి చూసి ముదిరిపోయిన కళ్లు నావి. బూడిదరంగు అంటే 'అయిపోయాయి' అని అర్థం చేసుకున్నాను.

"ఏవండీ, మే నెల మొత్తం ఒక్క సీటు కూడా లేకుండా ఎవరు కొనేసుంటారు?" అని మా ఆవిడ అడిగింది.

"యూరప్ వాళ్లు ఆర్నెల్ల ముందే ప్లాన్ చేసుకుంటారు. మనలాగా కాదు" అన్నాను. "రేవులోకెళ్లి స్పాట్‌లో మాట్లాడుకుందాం. పాపికొండలు వెళ్లినప్పుడు దొరకలేదూ?"

ఆమె ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

హెచ్చరించినవాళ్లలో రెండోవాడు మా నాన్న. రాజోలు దగ్గర కొబ్బరితోట చూసుకుంటూ ఉంటాడు. వీసాలొచ్చాయని ఫోన్ చేసి చెబితే అంతా విని, "అవి ఏం తింటాయిరా?" అన్నాడు.

"హెర్రింగ్ అని ఒక చేప నాన్నా. వీడియోలో చెప్పారు."

"ఆ చేప ఎప్పుడొస్తుందో కనుక్కున్నావా?"

నేను నవ్వాను. పుస్తెలమ్మయినా పులస తినాలనే ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. వరద నీరు ఎర్రబడితేగానీ ఆ చేప సముద్రం వదిలి గోదావరిలోకి ఎదురెక్కదని, జూలై నుంచి సెప్టెంబరు దాకా తప్ప మళ్లీ కనపడదని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. మే నెలలో పులస అడిగినవాణ్ణి చూసి యానాం మార్కెట్లో ఎలా నవ్వుతారో నాకు బాగా తెలుసు. పైగా శాస్త్రం ప్రకారం పులస, హెర్రింగ్ ఒకే వర్గానికి చెందిన చేపలు. మా నాన్నకు ఆ శాస్త్రం తెలియదు, కానీ అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఎక్సెల్ షీటున్న కొడుకు "నువ్వు ఊరుకో నాన్నా" అని ఫోన్ పెట్టేశాడు.

దోహా, ఓస్లో మీదుగా ట్రోమ్సోలో దిగాం. సూట్‌కేసుల్లో థర్మల్స్, పులిహోర పొడి, ఆవకాయ. ఊరు నిజంగా అందంగా ఉంది. కొండల మీద ఇంకా మంచుంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. సామాన్లు గదిలో పడేసి నేరుగా రేవుకు వెళ్లి, టికెట్లమ్మే కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని తిమింగలాల పడవ ఎన్నింటికని అడిగాను. ఆమె నా వైపు, నా వెనక ఉన్నివస్త్రాల్లో ఉబ్బిపోయి నిలబడ్డ నా కుటుంబం వైపు చూసింది.

"అవి జనవరి చివర్లోనే వెళ్లిపోయాయండీ. నవంబరులో రండి."

"అంటే ఈ వారం..."

"ఈ వారం లేవు. వచ్చే వారం కూడా లేవు" అంది, ఎంతో మర్యాదగా.

వెనక్కి తిరిగి ఆ ముక్క మా వాళ్లకు తెలుగులో చెప్పాల్సింది నేనే. పాప ముఖం చిన్నబోయింది. బాబు "డాడీ, నువ్వు గూగుల్ చేయలేదా?" అన్నాడు. మా ఆవిడ కోప్పడలేదు. రేవు గట్టు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి (రాత్రి అనకూడదు, సూర్యుడు కిటికీలోనే ఉన్నాడు) చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, చదవడం మొదలుపెట్టాను. నార్వే హెర్రింగ్ వేసవంతా నడిసముద్రంలో మేస్తుంది. చలికాలం పెద్ద పెద్ద గుంపులుగా తీరానికొచ్చి ఫియోర్డ్‌లలో తలదాచుకుంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి గుడ్లు పెట్టడానికి తీరం వెంట దక్షిణానికి బయల్దేరుతుంది. ఓర్కాలు ఆ గుంపును చుట్టుముట్టి, బంతిలా కుదించి, తోకతో కొట్టి, సొమ్మసిల్లిన చేపల్ని ఒక్కొక్కటిగా తింటాయి. హంప్‌బ్యాక్‌లు కింద నుంచి వచ్చి గుంపును గుంపుగా మింగేస్తాయి. ఈ హంప్‌బ్యాక్‌లు పిల్లల్ని కనడానికి కరీబియన్ సముద్రం దాకా వెళ్తాయి. ఆ పెద్ద ప్రయాణానికి ముందు కడుపు నింపుకోవడానికే ఫియోర్డ్‌లలో ఆగుతాయి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. హెర్రింగ్ ఏటా ఒకే చోటికి రావాలని రూలేమీ లేదు. 1960ల చివరికి విపరీతమైన వేట వల్ల అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1990లలో దక్షిణంగా ఉన్న టిస్‌ఫియోర్డ్ దగ్గర చలికాలం గడిపేది. 2010ల మొదట్లో సెన్యా, ట్రోమ్సో పరిసరాలకు మారింది. 2017 నుంచి ఇంకా ఉత్తరాన షెర్వోయ్, క్వెనాంగెన్ వైపు జరిగింది. చేపతో పాటు ఓర్కాలు, వాటితో పాటు పడవలవాళ్లు జరిగారు. కాబట్టి నేను సరైన నెలలో దిగినా ట్రోమ్సో రేవులో నిలబడితే సరిపోయేది కాదు, పడవ మీద ఇంకో మూడు నాలుగు గంటలు ఉత్తరానికి పోవాలి. డిపెండెన్సీ అంటే ఇదే. చేప మీద తిమింగలం, తిమింగలం మీద పడవ, పడవ మీద నా మాట ఆధారపడి ఉన్నాయి. ఆఫీసులో కుర్రాళ్లకు నా ముఖం చూపించలేను.

ధ్రువ కాంతుల సంగతి మరీ ఘోరం. అవి కనపడాలంటే చీకటి పడాలి. మే మూడో వారం నుంచి జూలై మూడో వారం వరకు ట్రోమ్సోలో సూర్యుడు అస్తమించడు. ఆకాశంలో కాంతులు ఆడుతూనే ఉండొచ్చుగానీ, ఎండలో వాటిని చూసే కన్ను ఎవరికీ లేదు. ముందుచూపున్నవాణ్ణి కదా, ఫోన్‌లో ధ్రువ కాంతుల యాప్ పెట్టుకుని వెళ్లాను. అర్ధరాత్రి పన్నెండింటికి అది టింగుమని మోగి "ఈ రాత్రి అవకాశాలు బాగున్నాయి" అంది. కర్టెన్ తీస్తే కళ్లు బైర్లు కమ్మాయి.

చివరికి తిమింగలం బాబు కంటబడింది, హోటల్ మెనూలో. నార్వే ఇంకా తిమింగలాల్ని వేటాడే దేశమని అప్పటిదాకా నాకు తెలియదు. వాణిజ్య వేట మీద 1986లో అంతర్జాతీయ నిషేధం అమల్లోకొచ్చింది. నార్వే దానికి అభ్యంతరం నమోదు చేసి, 1993 నుంచి మింకీ తిమింగలాల వేట మళ్లీ మొదలుపెట్టింది. ఆ వేటకు వసంతం, వేసవే అదను. అంటే మేం వెళ్లిన కాలం తిమింగలాల్ని చూడ్డానికి కాదు, పట్టడానికి సీజన్. "డాడీ, మనం వేల్ చూడ్డానికొచ్చామా, తినడానికొచ్చామా?" అని వాడు అడిగితే సూప్ తాగుతూ తల దించుకున్నాను.

మర్నాడు ఫియోర్డ్‌లో మామూలు షికారు పడవ ఎక్కాం. తెల్లతోక సముద్ర గద్దలు తల మీదుగా ఎగిరాయి. ఒకచోట నీళ్లలోంచి చిన్న నల్లటి వీపు రెండుసార్లు తేలి మునిగింది. గైడు దాన్ని హార్బర్ పోర్పస్ అన్నాడు. పట్టుమని రెండు మీటర్లు కూడా ఉండదట. "తిమింగలాల వంశమే" అని ఆయన మాటవరసకు అన్నాడు, నేను దాన్ని పట్టుకున్నాను. వణికే చేతులతో తీసిన ఫొటోలో ఒక నల్లమచ్చ, బోలెడు నీళ్లు. దాన్ని మా కమ్యూనిటీ గ్రూపులో పెట్టి, కింద "ఆర్కిటిక్ తిమింగలం. జన్మ ధన్యం" అని రాశాను. లైకులు కురిశాయి. నార్వే సార్ పుట్టింది అప్పుడే.

ఇంతవరకు జరిగింది తెలివితక్కువతనం. ఇక్కడి నుంచి చేసింది తప్పు. తిరిగొచ్చాక మా బ్లాకులోనే ఉండే ఒకాయన లిఫ్టులో పట్టుకుని, వచ్చే మేలో వాళ్లూ వెళ్తారని, నా ప్లాన్ ఇమ్మని అడిగాడు. నిజం చెప్పడానికి లిఫ్టు పదో అంతస్తు చేరేంత సమయముంది. నేను ఎక్సెల్ షీటు పంపించాను. పెరుగు దొరికే సూపర్ మార్కెట్ అడ్రసుతో సహా.

ఆయన విమానం టికెట్లు చూస్తున్నాడని తెలిశాక నిద్ర పట్టలేదు. ఒక సాయంత్రం బంగినపల్లి పళ్ల పెట్టె పట్టుకెళ్లి తలుపు కొట్టి అంతా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విని, "మరి ఆ ఫొటోలో ఉన్నదేంటి సార్?" అన్నాడు. చెప్పాను. వాళ్లావిడ లోపల్నుంచి "తిమింగలాల మేనల్లుడన్నమాట" అంది. పళ్లు మాత్రం తీసుకున్నారు.

పోగొట్టుకున్న డబ్బుకు ఈ కాస్త జ్ఞానమన్నా మిగిలింది, పనికొస్తుందేమో చూసుకోండి. ఓర్కాలు, హంప్‌బ్యాక్‌లు కలిసి మేసే దృశ్యం కావాలంటే నవంబరు, జనవరి మధ్య షెర్వోయ్ వైపు వెళ్లాలి. చలికీ చీకటికీ సిద్ధపడాలి. ఆ కాలంలో ధ్రువ కాంతులూ ఉంటాయి. పిల్లల సెలవుల్లో తప్ప కుదరదంటే ఐస్‌లాండ్‌లో హుసావిక్ వెళ్లండి. అక్కడి స్క్యాల్ఫాండి అఖాతంలోకి హంప్‌బ్యాక్‌లు వేసవిలోనే మేతకొస్తాయి, ఊళ్లో తిమింగలాల మ్యూజియం కూడా ఉంది. నార్వేలోనే ఉండాలనుకుంటే ఆండెనెస్ దగ్గర సముద్రం లోపల బ్లైక్ అనే లోతైన లోయ ఉంది, అక్కడ మగ స్పెర్మ్ వేల్స్ వేసవిలోనూ కనిపిస్తాయి. ఇంత చలి, ఇంత ఖర్చు ఎందుకనుకుంటే భూమ్మీద అతిపెద్ద జంతువైన నీలి తిమింగలం మన పక్కనే శ్రీలంక దగ్గర తిరుగుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్సా వైపు, ఆ తర్వాత వేసవిలో ట్రింకోమలి వైపు. ఎక్కడికి వెళ్లినా ముందు మా నాన్న అడిగిన ప్రశ్న అడగండి, హోటల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇప్పటికే ఓర్కాల కోసం మే నెలలో ట్రోమ్సోకు టికెట్లు తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, క్యాన్సిలేషన్ గడువు ఎప్పటివరకు ఉందో ఈరోజే చూసుకోండి.