షాఫ్ట్‌ను బల్ల వెనక కూర్చోబెట్టారు

మా రోజుల్లో రిచర్డ్ రౌండ్‌ట్రీ అంటే షాఫ్ట్. 1971 నాటి ‘షాఫ్ట్’ సినిమాలో తోలు కోటు తొడుక్కుని న్యూయార్క్ వీధుల్లో కార్లకు అడ్డంగా నడిచిపోయిన నల్లజాతి డిటెక్టివ్. ఆ సినిమా తీసిన గోర్డన్ పార్క్స్ కూడా నల్లజాతివాడే. పోలీసైనా గూండా అయినా షాఫ్టే ప్రశ్నలడిగేవాడు. అదే రౌండ్‌ట్రీకి 2005లో ‘బ్రిక్’ సినిమాలో దక్కింది హైస్కూలు అసిస్టెంట్ వైస్ ప్రిన్సిపాల్ వేషం. ఎదురుగా ఒక తెల్ల కుర్రాడు కూర్చుని ఆయనకే షరతులు పెడతాడు. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

సినిమా బాగాలేదని కాదు నా గొడవ. రియాన్ జాన్సన్ కాలిఫోర్నియాలో తాను చదువుకున్న శాన్ క్లెమెంటే హైస్కూల్లోనే, అయిదు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీశాడు. డాషియెల్ హామెట్ డిటెక్టివ్ నవలల మాటతీరును స్కూలు పిల్లల నోట పెట్టి, ఎక్కడా వెకిలి కాకుండా నడిపించాడు. సండాన్స్ చిత్రోత్సవంలో ఆ కొత్తదనానికే ప్రత్యేక బహుమతి ఇచ్చారు. ఇవ్వాల్సిందే. చచ్చిపోయిన అమ్మాయి కోసం హీరో జోసెఫ్ గోర్డన్-లెవిట్ తన్నులు తింటూ తిరుగుతుంటే నేనూ వెంట తిరిగాను.

అంత ఊహ ఉన్నవాడికి, మెక్సికో సరిహద్దుకు కారులో గంటన్నర కూడా పట్టని ఊళ్లో, బడి ఇంత తెల్లగా ఎలా కనిపించింది? వెతికేవాడు తెల్లవాడు. సాయం చేసేవాడు, మత్తు సరుకు అమ్మేవాడు, మాయ చేసే అమ్మాయి, అందరూ అంతే. నల్లజాతి పిల్లలు మేగన్ గుడ్, బ్రయాన్ వైట్ ఉన్నారు గానీ, నాటకాలమ్మాయిగా ఒకరు, ఫుట్‌బాల్ ఆటగాడిగా ఒకరు కథ అంచునే ఉండిపోతారు. పెద్ద పాత్రల్లో మెక్సికో మూలాలున్న పిల్లవాడు ఒక్కడూ లేడు.

మా రోజులన్నీ గొప్పవని అనను. 1958లో ‘టచ్ ఆఫ్ ఈవిల్’లో చార్ల్టన్ హెస్టన్ ముఖానికి రంగు పూసి మెక్సికన్‌గా చూపించారు. సిగ్గుచేటు. కానీ ఆ మరుసటి ఏడే సామ్యూల్ ఫుల్లర్ ‘ది క్రిమ్సన్ కిమోనో’ తీశాడు. లాస్ ఏంజెలెస్‌లో హత్య, లిటిల్ టోక్యో సందుల్లో వెతుకులాట. వెతికే డిటెక్టివ్ జపాన్ సంతతి అమెరికన్, వేషం జేమ్స్ షిగేటాది. జపాన్‌తో యుద్ధం ముగిసి అప్పటికి 14 ఏళ్లే! అతను లోలోపల రగిలిపోతాడు, ప్రాణస్నేహితుడినే అపార్థం చేసుకుంటాడు, చివరికి తెల్ల అమ్మాయి అతన్నే కోరుకుంటుంది. అతని పుట్టుక అలంకారానికి పెట్టింది కాదు. కథలో ముడి అదే.

ఇలాంటి సినిమాలో డిటెక్టివ్ పోయిన చోటికే మనమూ పోతాం, అతను నమ్మినవాళ్లనే నమ్ముతాం. అందుకే తెరమీద ఎందరున్నారన్నది నాకు పట్టదు, ప్రశ్నలడిగేది ఎవరో చెప్పండి. ఇప్పటివాళ్లు పోస్టర్‌ మీద రంగుకొకరిని నిలబెట్టి పని అయిపోయిందనుకుంటున్నారు.

ఇవాళ కాలిఫోర్నియా హైస్కూళ్లలో మన తెలుగు పిల్లలూ ఎందరో. వాళ్లలో ఒకమ్మాయికి కేసు అప్పగించండి. ఇంట్లో అబద్ధాలాడనివ్వండి, తన్నులు తిననివ్వండి, నమ్మకూడని మనిషిని నమ్మనివ్వండి. లెక్కల్లో సాయం చేసే స్నేహితురాలి వేషం ఇక చాలు.