రెండో కాపీ ఇవ్వలేని కెమెరాని

నాకు సొంత ప్రాణం లేదు. అది ఫిల్ము ప్యాకుతో వస్తుంది, ప్యాకు అయిపోగానే పోతుంది. నేను పోలరాయిడ్ 600 రకం కెమెరాని. నా బ్యాటరీ ఫిల్ము ప్యాకులోనే, అడుగున పలచగా అతికించి ఉంటుంది. ఫ్లాష్ వెలగాలన్నా, లోపల మోటారు తిరగాలన్నా ఖర్చంతా దానిదే. ఏళ్ల తరబడి బీరువాలో పట్టుచీరల కింద పడి ఉన్నా బ్యాటరీ కారి నా లోపలంతా తినేయకపోవడానికి ఇదే కారణం.

పుట్టింది స్కాట్లండులోని వేల్ ఆఫ్ లీవెన్ ఫ్యాక్టరీలో. అమ్ముడుపోయింది కువైట్‌లో. చంద్రగిరి పక్క పల్లె నుంచి డ్రైవరు పనికి పోయిన మనిషి, చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి వస్తూ, సెంటు సీసాల మధ్య నన్ను సర్దుకొచ్చాడు. ఆ పెళ్లిలో స్టూడియో ఆయన నన్ను అదోలా చూశాడు. ఆయన రీలు కడిగించి ఆల్బం ఇచ్చేసరికి కొత్త జంట ఆషాఢానికి విడిపోయి మళ్లీ కలుస్తారు. నాది అక్కడికక్కడే బేరం. నా నోట్లోంచి తెల్లటి అట్టముక్క రాగానే పెళ్లికూతురి జేజి అందుకుంది. "తెల్లంగానే ఉండాది కదరా, బొమ్మ యాడ?" అంటూ దాన్ని విసనకర్రలా ఊపడం మొదలుపెట్టింది. చాలామందికి ఇదే అలవాటు. ఊపితే బొమ్మ తొందరగా రాదు. అట్ట వంగి లోపలి పొరలు చెదిరితే అసలుకే మోసం. వెలుతురు తగలకుండా బోర్లా పెట్టి వదిలేయడమే మంచిది.

ఆ ఆత్రం ఒక్క జేజిదే కాదు. 1943లో శాంటా ఫేలో, పోలరాయిడ్ స్థాపించిన ఎడ్విన్ లాండ్ మూడేళ్ల కూతురు, నాన్న తీసిన ఫొటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. ఆ ప్రశ్న పట్టుకుని ఆయన 1947 ఫిబ్రవరిలో తక్షణ ఫొటోను నలుగురికీ చూపించాడు. మరుసటి ఏడు నవంబరులో బోస్టన్‌లో మొదటి కెమెరా అంగడికెక్కింది. 1972లో వచ్చిన ఎస్‌ఎక్స్-70 కెమెరాతో బొమ్మ మీది పొర లాగి పారేసే పని కూడా తప్పింది. మా 600 వంశం 1981లో మొదలైంది, కాస్త చవక రకం.

నా అట్ట కింది భాగం వెడల్పుగా ఎందుకుంటుందో చాలామంది గమనించరు. రసాయనం నింపిన సన్నని పొట్లం అక్కడ దాక్కుని ఉంటుంది. మీట నొక్కగానే మోటారు అట్టను రెండు ఉక్కు రోలర్ల మధ్యకు నెడుతుంది. పొట్లం చితికి, ఆ ముద్ద పొరల నడుమ సమానంగా పరుచుకుంటుంది. రోలరు మీద ఎండిన ముద్ద ఆవగింజంత మిగిలినా ప్రతి బొమ్మ మీదా అదే చోట మచ్చ పడుతుంది. నెగటివ్ అంటూ నాకు లేదు, కాబట్టి రెండో కాపీ అడగొద్దు.

శ్రీకాళహస్తి వాళ్లకు నా పద్ధతి వింతగా తోచదు. అక్కడి కలంకారీలో పటిక నీళ్లతో గీసిన చోట ఎరుపు వెంటనే కనిపించదు. గుడ్డను రంగు వేళ్లతో ఉడికించాకే బయటపడుతుంది. నాదీ అదే వరస.

పెళ్లి తర్వాత ప్యాకుల ధర చూసి మా ఇంటాయన చేతులెత్తేశాడు. నేను బీరువాకెక్కాను. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీయే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో మూతపడుతున్న ఫ్యాక్టరీని కొందరు పట్టుదలగా నిలబెట్టి, ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టుకుని, 2010లో మళ్లీ ఫిల్ము తీశారు. అదే ఇప్పుడు పోలరాయిడ్ పేరుతో అమ్ముతున్నారు.

నన్ను లేపింది ఆ పెళ్లికూతురి కూతురు. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుతోంది. తెప్పించిన మొదటి ప్యాకు మీద ఐ-టైప్ అని ఉంది. అందులో బ్యాటరీ ఉండదు, కొత్త కెమెరాలకు మాత్రమే పనికొస్తుంది. నేను కదల్లేదు, మెదల్లేదు. 600 ప్యాకు వచ్చి తలుపు మూయగానే మోటారు గర్రుమంది, నల్లటి అట్ట బయటికొచ్చింది. అమ్మాయి కేకకి పక్కింటివాళ్లు కూడా వచ్చారు.

ఆమె నన్ను మొదట మోసుకెళ్లింది మే నెలలో, గంగమ్మ జాతరకు. ఈ ఫిల్ముకు 13 నుంచి 28 డిగ్రీల వేడి సుఖం. తిరుపతి ఎండ 40 దాటుతుంది. వేడెక్కితే బొమ్మకు పసుపు, నారింజ ఛాయ కమ్ముకుంటుంది. జాతరలో భక్తులు కట్టే వేషాల్లో కుంకుమ పూసుకున్న బండవేషానికి ఆ ఛాయ భలే అతికింది. నామకొమ్ము పూసుకున్న బైరాగి వేషం మాత్రం పాతగోడలా తేలింది. నాకైతే అదీ నచ్చింది, అమ్మాయికి నచ్చలేదు. చలికాలం తెల్లవారుజామున హార్స్‌లీ హిల్స్‌లో తీస్తే దీనికి తలకిందులు, బొమ్మ నీలంగా పాలిపోతుంది. వద్దనుకుంటే అట్టను చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి పెట్టుకోవాలి.

తర్వాత నాటకాల లైట్లకు కట్టే రంగు జెలటిన్ కాగితం నా ముందు పెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సులువైన ఆట. కాకపోతే ఒక కిటుకుంది. వెలుతురు కొలిచే నా కన్ను లెన్సు పక్కన వేరుగా ఉంటుంది. లెన్సుకు మాత్రమే కాగితం అడ్డుపెడితే బయట బాగా వెలుతురుందని ఆ కన్ను నమ్మేస్తుంది, బొమ్మ చీకటైపోతుంది. రెండింటినీ కప్పాలి.

ఒకే అట్ట మీద రెండు బొమ్మలు వేసే సదుపాయం నాకు లేదు. అమ్మాయి స్నేహితురాలి ఇన్‌స్టాక్స్ మినీ 90 కెమెరాకి ఉంది, పోలరాయిడ్ ‘నౌ’ రకానికీ ఉంది. వాళ్లు చేసింది నా కళ్లతో చూశాను. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న తోటివేషం కుర్రాణ్ణి తెల్లటి ఆకాశం ముందు, ఫ్లాష్ ఆపి, ఒట్టి నల్లటి నీడలా తీశారు. రెండోసారి వేపమండల్ని దగ్గరగా తీశారు. ఆకాశం అప్పటికే తెల్లబడింది, అక్కడ ఇంకేమీ పట్టదు. ఆకులన్నీ ఆ నల్లటి ఒంట్లోకే చేరాయి. నల్లగా ఉన్న చోటే రెండో బొమ్మకు ఖాళీ. ఈ ఒక్కటి పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే.

చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1982లో పదులకొద్దీ పోలరాయిడ్లు పక్కపక్కన పేర్చి ఒకే దృశ్యం కట్టాడు. చంద్రగిరి రాజమహల్‌ను అలా పేర్చాలని మా అమ్మాయికీ ఉంది. ఫిల్ము ధరకు తోట అమ్ముకోవాలి, ఆ మాట పక్కన పెడదాం. కళాకారుడు లూకాస్ సమరాస్ 1973లో ఆరని ఎస్‌ఎక్స్-70 బొమ్మను గీకి, నొక్కి వికారాలు పుట్టించాడు. ఇప్పటి ఫిల్ము దానికి అంతగా లొంగదు.

అన్నింటిలో నా ఓటు పొర ఎత్తడానికే. ఇది పోలరాయిడ్‌తో చేయండి, ఇన్‌స్టాక్స్ పొర అంత సులువుగా ఊడదు. చేతులకు గ్లవ్స్ తొడుక్కోవాలి, లోపలి ముద్ద చర్మానికి మంచిది కాదు. తెల్ల అంచు కత్తిరించి, వెనక భాగాన్ని మెల్లగా విడదీసి, బొమ్మ అంటుకున్న ప్లాస్టిక్‌ను వేడి నీళ్లలో వేయాలి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లుంటే గీజరుతో పని లేదు. మెత్తటి కుంచెతో అంచులు తడితే కాసేపటికి బొమ్మ పాల మీగడలా తేలుతుంది. కాగితాన్ని దాని కిందికి పోనిచ్చి పైకెత్తాలి. ముడతలు సర్దుకోవడం, వదిలేయడం మీ ఇష్టం. మా అమ్మాయి ముందు వాటర్‌కలర్ కాగితం మీద చెయ్యి తిప్పుకుంది. ఆ తర్వాతే కాళహస్తి నుంచి తెచ్చిన, కరక్కాయ, బర్రెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద వేసింది. జాతరలో తీసిన మాతంగి వేషం ముఖం నుదుటి దగ్గర చిరిగింది. ఫోనులో వందసార్లు ఫిల్టరు మార్చినా ఆ చిరుగు రాదు.

మీ ఇంట్లో నాలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. తలుపు తెరిచి రోలర్లను తడిగుడ్డతో తుడవండి. 600 అని రాసి ఉన్న ఫిల్మే తెప్పించండి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి, ఫ్రీజరులో వద్దు. వాడే గంట ముందు బయటికి తీయండి. ప్యాకుకు ఎనిమిది బొమ్మలే వస్తాయి, వాటిలో ఒకటి నీళ్లలో వేయడానికని ముందే అనుకోండి.