మసకబొమ్మ మాహాత్మ్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె. పడవ యూగుచుండఁ బట్టుక కెమెరాను
కడుపు తిప్పుచుండఁ గన్ను నిలిపి
మసకబొమ్మ యొకటి మహిమతోఁ దీసిన
మడిసెనన్న పిట్ట మరలఁ బుట్టె

అవతారిక: న్యూజీలాండ్ ఉత్తర దీవి పక్కన హౌరాకి గల్ఫ్ ఉంది. నడిసంద్రపు పక్షుల ఫొటోల కోసం అక్కడ పడవెక్కిన భక్తుని అవస్థను కవి వర్ణిస్తున్నాడు.

ప్రతిపదార్థం: పడవ ఊగుచుండన్ = పడవ ముందువెనకలకూ పక్కలకూ ఒకేసారి ఊగుతుండగా; కెమెరాను పట్టుక = బారెడు లెన్సు తగిలించిన కెమెరాను ఒక చేత, కమ్మీని మరో చేత పట్టుకొని (ట్రైపాడ్ నిషిద్ధం, ఇంజను అదురంతా దాని కాళ్ల గుండా కెమెరాకు ఎక్కుతుంది); కడుపు తిప్పుచుండన్ = పొద్దున మింగిన మాత్ర మొహం చాటెయ్యగా; మసకబొమ్మ ఒకటి = తీసిన వందల్లో పిట్ట ఉన్న ఒక్కటి; మహిమతోన్ = షట్టరు వేగం సెకనులో రెండువేలో వంతు పెట్టినా, చివరికి దైవకృప చేతనే; మడిసెనన్న పిట్ట = న్యూజీలాండ్ స్టార్మ్ పెట్రెల్.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో రెండో పాదం ‘కడుపు ఖాళి చేసి కన్ను నిలిపి’ అని ఉంది. గణాలూ యతీ చెడలేదు. పడవెక్కినవారు ఈ పాఠాన్నే మెచ్చుకుంటారు.

విశేషాలు: కడుపు తిప్పడానికి అలలొక్కటే కారణం కాదు. చేపల కాలేయాలూ తలలూ నూనే కలిపిన ఎరను పడవ వెనక నీళ్లలో వదులుతారు. పెట్రెళ్లూ షియర్‌వాటర్లూ గొట్టపుముక్కు పక్షులు. వాసన పట్టుకొని ఎంతో దూరం నుంచి వచ్చి వాలతాయి. స్టార్మ్ పెట్రెళ్లయితే కాళ్లు వేలాడేసి అలల మీద తపతపా అడుగులేస్తూ ఆ నూనె ముక్కల్ని ఏరుకుంటాయి. చూసేవాడికి అద్భుతం, పీల్చేవాడికి బీభత్సం. కనుక ఇక్కడ అద్భుతం అంగి, బీభత్సం అంగం. రెంటికీ పొత్తు కుదరదనే లాక్షణికుడు ఒకసారి పడవ వెనక భాగంలో నిలబడి చెప్పాలి.

శంక: నిగనిగలాడే ఫొటోలుండగా మసకబొమ్మను పొగడడమేల?

సమాధానం: నిగనిగలాడేది అందరికీ తెలిసిన పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దదైన ఈ మడిసెనన్న పిట్టకు, 19వ శతాబ్దంలో సేకరించిన మూడు నమూనాలే ఆనవాళ్లుగా మ్యూజియంలలో మిగిలాయి. జాతి అంతరించిందనే అనుకున్నారు. 2003లో సముద్రం మీద తీసిన ఫొటోల్లో తెల్లని పొట్టపై ముదురు చారలు కనబడ్డాయి. ఆ చారలే సాక్ష్యం చెప్పాయి. తరవాత పిట్టలను పట్టి, బుల్లి రేడియో ట్రాన్స్‌మిటర్లు తగిలించి వెంటాడితే, 2013లో లిటిల్ బారియర్ దీవి అడవిలో వాటి బొరియలు దొరికాయి. అక్కడ వాటికి శత్రువులైన పిల్లులను 1980లో, ఎలుకలను 2004లో అప్పటికే నిర్మూలించి ఉన్నారు.

అలంకారం: ‘మరలఁ బుట్టె’ అతిశయోక్తి. పిట్ట ఏనాడూ చావలేదు, మనమే చూడలేదు.

తాత్పర్యం: పడవ దిగాక ఫోకస్ కుదరలేదని ఫొటో చెరిపేసేవారు ఒక్క క్షణం ఆగి, ముందు పిట్ట పొట్ట చూడవలెను.