ఖాళీ జాగ

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌కు కంప్యూటర్ కొత్త కాదు. ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుని పేరు తెచ్చుకున్న ఈ ఊరు, 2016లో నోట్ల రద్దు జరిగాక నగదు లేని గ్రామంగా మారి మళ్లీ వార్తలకెక్కింది. ఆ ఊళ్లో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేసే ఒక పిలగాడి సంగతి ఇది.

అతని ల్యాప్‌టాప్‌లో ఉండేది ఉబుంటు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాం లోపల విండోస్ వేసుకున్నాడు. బయటి నుంచి చూస్తే ఆ విండోస్ మొత్తం ఒకే ఒక్క వీడీఐ ఫైలు. అది పెరిగి పెరిగి 96 జీబీ అయింది, ల్యాప్‌టాప్ మొరాయించింది. లోపల పాత ఫైళ్లు తీసేసి నెల కావస్తోంది. అయినా బయట ఒక్క జీబీ తగ్గలేదు.

పక్కన కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతున్న తల్లి అడిగింది. "అన్నీ తీసేసినంటివి గద బిడ్డా, మరి జాగ ఎందుకు రాలె?"

"డిలీట్ కొడితె ఫైలు పోదమ్మా. పహాణీల పేరు కొట్టేసినట్టు, గంతే. పొలం ఆడనే ఉంటది, పంట ఆడనే ఉంటది. దానిమీద ఇంకోటి రాసేదాక ఎటూ పోదు. ల్యాప్‌టాప్‌కు లోపలి పహాణీ తెల్వదు, పంటనే కనవడుతది. అందుకే జాగ ఇడుస్తలేదు."

ఆమె చేతులు ఆగాయి. ఏదో అడగబోయింది. అప్పటికే అతను హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

విండోస్ లోపల మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌డిలీట్‌ను జెడ్ ఆప్షన్‌తో నడిపాడు. ఖాళీ అని లెక్కలో ఉన్న ప్రతి చోటా, పాత రాతల మీదుగా అది సున్నాలు రాసుకుంటూ పోతుంది. తొందరపెడితే అయ్యే పని కాదు. మధ్యాహ్నం దాటాక అది ముగిసింది. విండోస్‌ను పూర్తిగా ఆపేసి, ఉబుంటు టెర్మినల్‌లో వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియం కమాండ్‌కు కాంపాక్ట్ చేర్చి కొట్టాడు. సున్నాలు తప్ప ఏమీ లేని బ్లాకులను అది ఫైలులోంచి తీసేస్తుంది. వంద శాతం పడగానే సైజు చూశాడు. 35 జీబీ.

"అమ్మా, 61 జీబీ అచ్చింది!" అని కేకేశాడు.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దుగాల నువ్వు చెప్పంగ ఇన్న బిడ్డా. నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలు ఫోన్ల నుంచి దీంట్లకు ఎక్కిచ్చినవు గద. పోయిన నెల పొరపాటున డిలీట్ అయినయ్ అంటివి. ముసలామె పాయె, ఆమె గొంతు గూడ పాయె అని ఎంత ఏడ్చిన్నో. అవి పోలేదన్నట్టే గద? రేపు పెత్తరమాస, ఎంగిలిపూల బతుకమ్మ. జర తీసి పెట్టు."

పొద్దున ఆమె అడగబోయినప్పుడు వినుంటే, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికి చూడటానికి వీలుండేది. సున్నాలు రాసిన చోటి నుంచి ఏదీ తిరిగి రాదు.

ఆ పాటల సైజు మొత్తం 18 ఎంబీ.