ఎంత ఎత్తుల పోతున్నది సారూ?

మా ఇంటివాళ్ల ఫోన్ గ్రూపులో పడ్డ వీడియో 14 సెకన్లు. మొదటి 9 సెకన్లు ఉట్టి ఆకాశం. తర్వాత వేపకొమ్మ, ఎవరిదో బొటనవేలు, మేక అరుపు, "గదో గదో... అరె పోయిందిరా" అని ఒక కేక. చివర రెండే రెండు సెకన్లు తెల్లటి గీత, దాని కొసన ఒక నలుసు. కింద మా మేనల్లుడి రాత: "తేజస్ టెస్ట్ ఫ్లైట్, మన ఊరి మీదికెల్లి! మామా, ఎంత ఎత్తుల ఉంటది?"

దాని కింద మా అక్క: "తమ్మీ, నీకు లెక్కలొస్తయి గదా, జెర చూసి చెప్పు."

బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన పాపానికి నాకీ శిక్ష. కరెంటు బిల్లు ఎక్కువొస్తే నన్నే అడుగుతారు. పెళ్లికి వంకాయలు ఎన్ని కిలోలు తేవాలన్నా నేనే. ఇప్పుడు విమానాలు కూడా నా ఖాతాలో పడ్డాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అయినప్పటి నుంచి మహబూబ్‌నగర్, నల్లగొండల మీదుగా పోయే ప్రతి విమానమూ యుద్ధ విమానమే. తేజస్ 2001 జనవరి 4న తొలిసారి లేచింది బెంగళూరులో అని చెప్పాను. వినలేదు. మనకు దగ్గర్లో దుండిగల్, హకీంపేట, బీదర్ ఉన్నాయి, అక్కడ వాయుసేన శిక్షణ ఇస్తుంది, వస్తే అక్కడి విమానాలు రావచ్చు అన్నాను. శిక్షణ విమానం అంటే గ్రూపులో ఎవరికీ ఆనలేదు.

సరే, పద్ధతి చెప్తాను. ఇది పదో తరగతి సరూప త్రిభుజాల పాఠమే. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు అసలు వెడల్పెంతో తెలియాలి. వీడియోలో ఆ వెడల్పు ఎన్ని చుక్కలు తింటుందో లెక్కపెట్టాలి. కెమెరా ఎంత కోణం పట్టిందో తెలియాలి. అప్పుడు దూరం వస్తుంది. అది కూడా నెత్తి మీద ఉంటేనే ఎత్తు. పక్కగా ఉంటే వచ్చేది ఏటవాలు దూరం. మా మేనల్లుడు ఇవన్నీ ఏదో యాప్‌లో వేశాడు. తేజస్ రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. జవాబు 8,000 అడుగులు. "కరెక్టేనా మామా?"

గుణకారం కరెక్టే. విమానమే కాదు. 8,000 అడుగుల ఎత్తున మన ఎండాకాలంలో స్వెట్టర్ కూడా అక్కర్లేదు. ఆ తెల్లటి గీత ఇంజన్ పొగలోని ఆవిరి గడ్డకడితే పడేది, దానికి మైనస్ 40 డిగ్రీల దాకా చలి కావాలి. మన వైపు ఆ చలి 30,000 అడుగులు దాటితే గానీ దొరకదు. అది బెంగళూరు నుంచి ఉత్తరాదికి పోయే ఎయిర్‌బస్ ఎ320 అనుకుందాం. రెక్కల వెడల్పు 35.8 మీటర్లు, తేజస్‌కు నాలుగింతల పైన. 8,000ని ఆ లెక్కన పెంచితే 35,000 అడుగులు. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తు సరిగ్గా అదే. లోపల కూర్చున్నవాళ్లు ఉప్మా తింటూ ఉంటారు.

మొదటి 9 సెకన్ల ఉట్టి ఆకాశానికీ కారణం ఇక్కడే దొరుకుతుంది. అంత ఎత్తు నుంచి చప్పుడు నేలకు దిగడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోతుంది. మనవాళ్లు చప్పుడు వచ్చిన వైపు ఫోను ఎత్తుతారు, అక్కడ ఏముంటుంది? 2020 మే 20న బెంగళూరు నగరమంతా ఒక్కసారి దద్దరిల్లింది. భూకంపమా అనుకున్నారు జనం. సుఖోయో మిరాజో అని కొట్టుకున్నారు. పరీక్ష విమానం 36,000, 40,000 అడుగుల మధ్య ధ్వనిని మించిన వేగం నుంచి దానికన్నా కిందికి తగ్గినప్పటి మోత కావచ్చనీ, అది 65 నుంచి 80 కిలోమీటర్ల అవతలికీ వినబడుతుందనీ సాయంత్రానికి రక్షణశాఖ వివరణ ఇచ్చింది. అంత పెద్ద ఊరే ఆకాశంలో దాన్ని వెతికి పట్టలేకపోయింది, మా వేపచెట్టు కింది నుంచి దొరుకుతుందా?

ఇక్కడితో ఆగాల్సింది. కానీ ఈ సంగతి మా ఊళ్లో, నల్లగొండ పక్కన, కల్లు గీయడానికి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి ఎక్కి ఈమధ్యే మానేసిన ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన అడుగులు ఒప్పుకోడు. "తాళ్లల్ల చెప్పు సారూ" అన్నాడు.

మంచి తాడు 60 అడుగులు. 35,000 అడుగులంటే 583 తాళ్లు, ఒకదాని మీద ఒకటి. తాడుకు రెండు నిమిషాలు వేసుకున్నా పొద్దున అయిదింటికి మోకు బిగిస్తే పైకి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. "మాపటి గీతకు మళ్ల ఎక్కాలె గద, ఇంకా దిగనే లేదాయె" అన్నాడు. పైన మైనస్ 40 అన్నాను. "మంచిదే, కల్లు పులిసే బాధ ఉండది." చెట్టు పన్ను ఎటూ రద్దయింది. మరి లైసెన్సు ఏ సొసైటీకి ఇయ్యాలె? ఆకాశం ఏ మండలం కింద వస్తది? ఎక్సైజోళ్లు అంత ఎత్తుకు తనిఖీకి వస్తరా? ఈ చివరి ప్రశ్న దగ్గర ఆయన ముఖంలో ఒక వెలుగు కనబడింది. 2024 జులైలో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, అది 583 తాళ్లకు ఆగుతుందా అని అడిగాను. "ఒక్క తాడుకు ఆగితే సాలు" అన్నాడు. నవ్వలేదు.

నవ్వడు. చెట్టు మీంచి జారి నడుం విరిగినవాళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. ఆ ఎత్తు ఎవరూ కొలవరు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలింది. సెస్నా 152, రెండు సీట్ల చిన్న బండి, నాగార్జునసాగర్ నుంచి లేచింది. అందులో ఒక్కతే ఉన్న అమ్మాయి, పైలట్ కావాలని తమిళనాడు నుంచి వచ్చిన విద్యార్థిని, బతకలేదు. ఆ రోజూ మా గ్రూపులో వీడియోలు తిరిగాయి. ఎంత ఎత్తు నుంచి అని ఒక్కరూ అడగలేదు. ఎవలి బిడ్డో అన్నారు.

మా అక్క వాళ్లది మహబూబ్‌నగర్ దగ్గర దేవరకద్ర వైపు. అక్కడ విమానాశ్రయం వస్తుందని ఎన్నాళ్లుగానో వింటున్నాం. సర్వేలు చేశారు, భూమి చూశారు. వచ్చి ఉంటే పిల్లవాడు విమానాన్ని నేల మీదే చూసి, రెక్క పక్కన నిలబడి ఫొటో దిగి, నా ప్రాణం తియ్యకుండా ఉండేవాడు. ఇప్పుడు విమానం పొట్ట తప్ప ఏమీ కనబడదు వాడికి. పైగా పైలట్లు చెప్పే ఎత్తు సముద్రమట్టం లెక్కన. మహబూబ్‌నగర్ నేలే సముద్రానికి 1,600 అడుగుల పైన ఉంది. ఏమీ ఎక్కకుండానే వాడు 27 తాళ్ల ఎత్తున ఉన్నాడు. ఇది చెప్తే సంతోషిస్తాడనుకున్నాను.

"అల్లుడా, ముందుగాల విమానం పేరేందో తేల్చు, ఎత్తు తర్వాత" అని రాశాను. ఎయిర్‌బస్ అనడానికి వాడికి మనసొప్పలేదు. కాసేపు ఆగి బేరం పెట్టాడు: "పోనీ మామా, రఫేల్ అనుకో. గప్పుడెంత?"

రఫేల్ వెడల్పు 10.9 మీటర్లు. 10,600 అడుగులు వచ్చింది. పంపాను. 8,000 కన్నా అదే బాగుందని స్టేటస్ పెట్టుకున్నాడు, కింద "లెక్క: మా మామ" అని.