చింతపిక్కల జూదగృహం

శనివారం రాత్రి మా ఇంట్లో జూదం. ఊరు తిరువొత్తియూరు. త్యాగయ్య వచ్చి త్రిపురసుందరిని తెలుగులో పాడి వెళ్లిన ఊరు. ఇప్పుడు అదే ఊళ్లో మా బావమరిది, తెలుగువాడే, "ఆల్ ఇన్" అని అరుస్తున్నాడు. కాలమహిమ.

ఆట పోకర్. అయిదుగురం. చిప్స్ కొనే స్తోమత లేక చింతపిక్కలు. పిక్క రూపాయి. తలా యాభై. మొత్తం రెండొందల యాభై. మురుకులు, సుండల్, టీలకు నాకైన ఖర్చు మూడొందలు. ఆట మొదలవకముందే ఇంటాయన దివాలా!

మా ఆవిడ కిటికీలు మూసింది. మామూలుగా మేం కిటికీలు మూసేది మణలి ఫ్యాక్టరీల వాసనకు. 2023 డిసెంబరులో ఒక అర్ధరాత్రి ఎన్నూరులో అమ్మోనియా లీకైనప్పుడు మరీ గట్టిగా మూశాం. విషవాయువుకు మూసిన కిటికీలే ఇప్పుడు చింతపిక్కలకూ మూయాల్సి వచ్చింది. "పోలీసులొస్తే?" అంది.

నవ్వకండి. పేపర్లో వార్త మీరూ చదివారు. పేకాట రాయుళ్ల అరెస్టు. నగదు, సెల్‌ఫోన్లు, పేక ముక్కలు స్వాధీనం. ముందు తలలు వంచుకున్న లుంగీలు, వెనక రొమ్ము విరిచిన ఖాకీలు. ఆ ఫొటోలో ఏనాడైనా ఒక్క కోటీశ్వరుణ్ణి చూశారా?

చట్టం ఏమంటోంది? మద్రాసు నగర పోలీసు చట్టం 1888 నాటిది. తెల్లదొర రాసిందే అయినా ఒక్క మాట సూటిగా రాశాడు. ఆట మీద ఇంటాయనకు లాభం ముడితేనే అది జూదగృహం. బల్ల అద్దె, కోత, ఏదో ఒకటి ఆయన జేబులో పడాలి. 1967లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు కూడా, రమ్మీ నైపుణ్యపు ఆటే, కానీ క్లబ్బు దాని మీద లాభం తీస్తే నేరం కావచ్చు అంది. అంటే కోత ఎవరి జేబులో పడుతోందో చూడమనేగా? చూద్దాం పదండి.

2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ పందేల మీద 28 శాతం జీఎస్టీ. గెలిచిన దాని మీద కాదండోయ్, ఆటలో పెట్టిన మొత్తం సొమ్ము మీద. ఓడినా కోతే, గెలిచినా కోతే. 2025 ఆగస్టు 22న కేంద్రం ఆ ఆటల్నే నిషేధించే చట్టం తెచ్చింది. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి కూర్చుని పన్నును 40 శాతానికి పెంచింది. నిషేధించిన ఆట మీద! చచ్చిన బర్రెకు పాలెక్కువ.

నిషేధం తప్పనడం లేదు. ఆన్‌లైన్ రమ్మీ అప్పుల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆడమని తెర మీద పళ్లికిలించిన తారలు ఆ ఇళ్ల గడప తొక్కారా?

ఇక మా తమిళనాడు. 2003లో లాటరీకి మంగళం పాడింది. శభాష్. మరి లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్ల ఎన్నికల బాండ్లు కొంటే, అందులో 509 కోట్లు డీఎంకే ఖాతాలో పడ్డాయి. ఆ పార్టీయే ఎన్నికల సంఘానికి చెప్పుకున్న లెక్క. అటు ఆంధ్రలో? 2020లో ఆన్‌లైన్ జూదం మీద కత్తి దూసిన వైఎస్సార్సీపీకి అదే కంపెనీ నుంచి నూటయాభై కోట్ల పైచిలుకు. టికెట్టు కొన్న కూలీది పాపం. అమ్మినవాడి చందా మాత్రం ప్రసాదం. కళ్లకద్దుకుని పుచ్చుకున్నారు.

అన్నట్టు, అప్పులపాలయ్యే వ్యసనాల మీద సర్కారుకు అంత బెంగే ఉంటే, మద్యం అమ్మే టాస్మాక్ గల్లాలో 2023-24లో 45 వేల కోట్లు ఎలా పోగయ్యాయి? అక్కడ ఎవరి ఫొటో తీస్తారు?

పదకొండున్నరకు మా ఆట ముగిసింది. బావమరిది తొంభై పిక్కలు గెలిచాడు. నేను యాభై ఓడాను, మురుకులు అదనం. లెక్క కాగితం దాచాను. ఆట మీద ఇంటాయనకు లాభం: సున్నా. కోత తీసిన ఇల్లే జూదగృహమైతే, అయ్యా అధికారులూ, మీరు అడ్రసు తప్పారు.