చెల్లని నోటు, చెల్లే జాకెట్టు ముక్క

భోగికి వారం ముందు మా ఆవిడ అటక వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నా మీసం వైపు అలాగే చూసింది. మర్నాటికి మీసం లేదు.

"ఏమండీ, ఈసారి అటక ఖాళీ చేసేద్దాం" అంది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఏదో వీడియో పంపిందట. మేరీ కొండో అనే జపాన్ ఆవిడ ఇల్లు సర్దుకోవడం మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకోవాలి. మనసుకు ఆనందం కలిగితే ఉంచుకోవాలి, లేకపోతే దానికో దండం పెట్టి సాగనంపాలి. ఇదీ పద్ధతి. మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడం తానే కాస్త వదిలేశానని ఆవిడ 2023లో ఒప్పేసుకుంది. ఆ వార్త మా అమ్మాయి పంపలేదు. నేను పంపాను. మా ఆవిడ తెరిచి చూడలేదు.

స్టూలు వేసుకుని నేనెక్కాను. నేను అందించాలి, కిందనుంచి ఆవిడ తీర్పు చెప్పాలి. మొదట దిగినవి హార్లిక్స్ సీసాలు, పద్నాలుగు. మూతలున్నవి ఆరు. తర్వాత మిక్సీ అట్టపెట్టె. మిక్సీ కాలం చేసి ఎనిమిదేళ్లయింది, పెట్టె మాత్రం వారంటీ కార్డుతో సహా నిక్షేపంలా ఉంది. ఆ తర్వాత ఒక ప్లాస్టిక్ కవరు, దాన్నిండా ప్లాస్టిక్ కవర్లు.

"ఆనందం కలుగుతోందా?" అని పైనుంచే అడిగాను.

ఆవిడ కవర్ల కవరుని ఒకసారి నొక్కి చూసి, "ఆనందం సంగతేమో గానీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అంది. జపాన్ సిద్ధాంతానికి అక్కడితో మంగళం. మన ఇళ్లలో వస్తువులు రెండే రకాలు: పనికొచ్చేవి, ఎప్పటికైనా పనికొచ్చేవి. మొదటి రకం కనపడదు, రెండో రకం అటక దిగదు.

స్టీలు సామాను వంతు వచ్చింది. ప్రతి గిన్నె అంచునా చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు. ఫలానా వారి వివాహానికి ఫలానా వారి కానుక, తేదీతో సహా. ఇచ్చినవాళ్లు రశీదు గిన్నె మీదే రాయించుకున్నారన్నమాట. అందులో ఒక బావగారితో మాకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఆయన బేసిన్ అమ్మేద్దామన్నాను. "రేపు మాటలు కలిసి భోజనానికొస్తే?" అంది ఆవిడ. బేసిన్ మళ్లీ పైకెక్కింది. తగాదా తీరేలోపు దానికి చిల్లుపడకూడదని నా ప్రార్థన.

ఇంతలో వీధిలోంచి మైకు వినిపించింది. పాత పేపర్లు, పాత ఇనుప సామాన్లు, పాత ప్లాస్టిక్ సామాన్లు కొనబడునని రికార్డు గొంతు. పిలిచాం. నా కాలమ్‌లు అచ్చయిన పేపర్లన్నీ కట్టలు కట్టి దాచుకున్నాను. తక్కెడ మీద పెట్టాడు. ఇంగ్లీషు పేపరుకి రేటెక్కువ, తెలుగు పేపరుకి తక్కువ అన్నాడు. "ఏం, మా రాతలో బరువు లేదా?" అన్నాను. "రాతదేముంది సార్, కాగితం చూస్తాం" అన్నాడు. పదిహేనేళ్లలో నా కాలమ్ మీద వచ్చిన విమర్శలన్నిటిలోకీ ఇదే నిష్పాక్షికమైనది. పదిహేనేళ్ల వ్యంగ్యం పదకొండు కిలోలు తూగింది.

మొత్తం మూడు వందల నలభై రూపాయలు లెక్క తేలింది. "స్కానర్ చూపించండి సార్" అన్నాడు. బండి పక్కన అంటించిన క్యూఆర్ కాగితం మీద నా చూపు పడింది. చేతికి అలవాటైపోయింది కదా, ఫోన్ తీయడం, స్కాన్ చేయడం, పిన్ను కొట్టడం. బండి మీది డబ్బా నుంచి ఆడగొంతు మూడు వందల నలభై రూపాయలు అందాయని చాటింది. వీధి వీధంతా వింది. చెత్త తీసుకెళ్లమని ఎదురు డబ్బులిచ్చిన మొదటి మనిషినని మా ఆవిడ ధ్రువీకరించింది.

ఆయన నవ్వాడు. నవ్వి, నా ఫోన్‌కి ఆరు వందల ఎనభై పంపాడు. "మీవి మీకు, నావి మీకు. సరిపోయిందా సార్?" అని రెండుసార్లు లెక్క చెప్పి మరీ వెళ్లాడు. టై కట్టుకుని మా ఇంట్లో కాఫీ తాగి నాకు పొదుపు పథకం అంటగట్టిన పెద్దమనిషి, మొదటి ఏడాది కట్టిన సొమ్ములో ఎంత కోతపడిందో నేటికీ ఒక్కసారి చెప్పలేదు. తక్కెడ ఉన్నవాడికీ టై ఉన్నవాడికీ అంత తేడా ఉంది.

చివరికి అటక మూలనుంచి సూట్‌కేసు దిగింది. మా ఇంటి రిజర్వు బ్యాంకు అది. నిండా జాకెట్టు ముక్కలు. తెలియనివారికి చెబుతున్నాను, జాకెట్టు ముక్క బట్ట కాదు, కరెన్సీ. శ్రావణ శుక్రవారాలకీ నోములకీ సంక్రాంతి పేరంటానికీ తాంబూలంతో పాటు చేతులు మారుతుంది. దాన్నెవరూ కుట్టించుకోరు. కుట్టించుకుంటే చలామణి ఆగిపోతుంది. ఏ చీరకీ నప్పని రంగు కావడమే దాని బలం. ఇచ్చినవాళ్లకే తిరిగిస్తే పరువు పోతుంది గనక ప్రతి ముక్కకీ గుండుసూదితో ఒక చీటీ ఉంటుంది, ఎవరు పెట్టారో రాసి. ఏ ఆడిటరూ తప్పు పట్టలేని చిట్టా.

సూట్‌కేసు అడుగున కనకాంబరం రంగు ముక్క ఒకటి, మూటగట్టి, దారం చుట్టి ఉంది. మా అమ్మ చేతి ముడి అది. అమ్మ పోయి ఐదేళ్లయింది. విప్పితే పాత ఐదు వందల నోట్లు, పదమూడు.

2016 నవంబరు 8 రాత్రి ప్రధాని టీవీలో పెద్ద నోట్ల రద్దు ప్రకటించగానే నేను అమ్మ గదిలోకి వెళ్లాను. "పెద్ద నోట్లేమైనా ఉంటే ఇయ్యమ్మా, మార్చుకొస్తాను" అన్నాను. "నా దగ్గరెక్కడివిరా, పింఛనంతా నీ చేతికేగా ఇచ్చేది" అంది. డిసెంబరు 30 దాకా గడువుంది. అన్నాళ్లూ నేను బ్యాంకు క్యూలో నిలబడుతూనే ఉన్నాను, ఆవిడ నాకు మజ్జిగ సీసా కట్టిస్తూనే ఉంది. ఆరున్నర వేలు పోతే పోయాయి, కొడుక్కి తెలియకుండా దాచుకుందన్న మాట రాకూడదనుకుంది.

ఇప్పుడు చట్టం సంగతి చూడండి. 2017లో చేశారు. రద్దయిన నోట్లు పది వరకు మన దగ్గర ఉండొచ్చు. పదకొండోది నేరం. జరిమానా పదివేల దాకా గానీ, నోట్ల విలువకి ఐదు రెట్ల దాకా గానీ, ఏది ఎక్కువైతే అది. పదమూడు నోట్లకు లెక్క కట్టాను: ముప్పై రెండు వేల ఐదు వందలు! బజారులో వేరుశనక్కాయల పొట్లానికి కూడా చెల్లని కాగితానికి ఐదు రెట్ల విలువ కట్టింది ఆ చట్టమొక్కటే. అయితే అందులోనే ఒక సందు ఉంది. చదువుకోసమో, పరిశోధనకోసమో, నాణేల సేకరణకోసమో అయితే ఇరవై ఐదు వరకు ఉంచుకోవచ్చు.

"మూడు నోట్లు భోగి మంటలో వేసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాను. జవాబు లేదు. మా ఆవిడ నోట్ల వైపు చూడటం లేదు. ముక్కకున్న చీటీ చదువుతోంది. అమ్మ రాత: "కోడలు పెట్టింది. మొదటి సంక్రాంతి."

"ఇది నేను కొన్నది కూడా కాదండీ" అంది కాసేపటికి. "మా పిన్ని నాకు పెట్టింది. రంగు నచ్చక అత్తయ్యగారికి తోసేశాను."

ముప్పై ఏళ్లలో అమ్మ చేతిమీదుగా వందల ముక్కలు ఊరంతా తిరిగాయి. ఈ ఒక్కదాన్నే చలామణిలోంచి తీసేసింది.

ఆవిడ చీటీని మళ్లీ గుచ్చింది. నోట్లు లెక్కపెట్టి లోపల పెట్టింది. దారం ఎలా ఉందో అలాగే చుట్టింది. మూట నా చేతికిచ్చి, "పైన పెట్టండి" అంది.

"పదమూడూనా?"

"పదమూడూ. ఎవరైనా అడిగితే పరిశోధన అని చెప్పండి."